బండి నాది కాదప్పా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడెవడో గానీ, కారు బుక్ చేసి చూసి ఉండడు. కుప్పుస్వామి చూశాడు. బుక్ చేసిననాడు లంగా జాకెట్టుతో బడికి పోతున్న కూతురు, కారు వచ్చేనాటికి చంకలో బిడ్డతో పుట్టింటికి వచ్చి పోతోంది. మధ్యలో ఎమర్జెన్సీ వచ్చి పోయింది. ఢిల్లీలో ప్రభుత్వాలు వచ్చి పోయాయి. కారు మాత్రం రాలేదు. వచ్చే నెల అని ఏజెంటు చెప్పడం, సరేనని ఇతను తలాడించడం. కొన్నాళ్ళకు ఆ మాటకు నవ్వే ఓపిక కూడా ఇద్దరికీ పోయింది.

ఆ ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో, మామిడికాయలు బజారుకు దిగుతున్న రోజుల్లో, బండి వచ్చిందని కబురొచ్చింది. కుప్పుస్వామి వెంటనే నమ్మలేదు. ఇన్నేళ్ళూ తాను డ్రైవరుగా తోలిన లక్ష్మీపతిగారి పాత బాడుగ కారును తీసుకెళ్ళి ఆయన ఇంటిముందు నిలిపి, తాళాలు ఆయన చేతిలో పెట్టి, నడుచుకుంటూ మదనపల్లె బెంగుళూరు రోడ్డులో ఉన్న ఏజెంటు షెడ్డుకు పోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, అక్కడి గుమాస్తా భోజనమయ్యాక రమ్మన్నాడు. కుప్పుస్వామి ఎక్కడికీ పోలేదు. గోడ నీడన గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. ఆసుపత్రి గేటు ముందు, పెళ్ళిళ్ళ ముందు, కోర్టు ముందు జీవితమంతా ఎవరికోసమో ఎదురుచూసినవాడికి ఆ పూట ఎదురుచూడటం ఒక లెక్క కాదు.

తాళాలు చేతికిచ్చినప్పుడు అతనికి సంతోషం రాలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బానెట్ ఎత్తి ఆయిలు పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. రేడియేటరులో నీళ్ళు చూశాడు. డిక్కీ తెరిచి జాకీ, స్పానర్లు, స్టెప్నీ చూశాడు. టైర్లను కాలితో ఒక్కొక్కటే తన్నాడు.

"కొత్త బండిలేప్పా, అన్నీ ఉంటాయి" అన్నాడు గుమాస్తా విసుగ్గా.

"కొత్తదైతే మాత్రం సూసుకోవద్దా" అన్నాడు కుప్పుస్వామి.

తలుపు తీసి లోపల కూర్చున్నాక వచ్చింది సంతోషం. లక్ష్మీపతిగారి బండిలో డ్రైవరు సీటు, తనకు ముందు తోలినవాళ్ళ బరువుకు ఒక పక్కకు కుంగిపోయి ఉండేది. వాళ్ళ గుంటలోనే అన్నేళ్ళూ కూర్చుని కుప్పుస్వామి నడుము కూడా ఆ పక్కకే వంగింది. ఈ సీటుకు ఇంకా ఎవరూ తెలియదు. స్ప్రింగులు బిర్రుగా అతన్ని నిటారుగా కూర్చోబెట్టాయి. కొత్త రెగ్జిను వాసన. సీట్ల మీద ఇంకా తీయని ప్లాస్టిక్ కవర్లు కదిలితే కరకరమంటున్నాయి. స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. గుమాస్తా చూస్తాడేమోనని, అద్దం తుడిచే పసుపు గుడ్డతోనే తుడుచుకున్నాడు.

"మొదట కొన్నాళ్ళు మెల్లగా తోలాల. బరువు ఎక్కువ ఎక్కించవాకు" అన్నాడు గుమాస్తా.

ఆ మాట తనకు చెబుతున్నందుకు కుప్పుస్వామికి నవ్వొచ్చింది. అయినా బుద్ధిగా తలాడించాడు.

ఇంటి ముందు భార్య నాగరత్నమ్మ పసుపునీళ్ళతో నిలబడి ఉంది. చక్రాలకు పసుపు రాసి, బానెట్ మీద కుంకుమ పెట్టి, మల్లెల దండ కట్టింది. ఎక్కి కూర్చోమంటే మాత్రం ఎక్కలేదు. ఆమెది కుప్పం. కారు బుక్ చేసిన ఏడాదే ఆమె అక్కడి గంగమ్మకు మొక్కుకుంది. బండి వస్తే మొదటి ప్రయాణం నీ గుడికే తల్లీ, నీ ముందర నిమ్మకాయలు తొక్కించాకే బాడుగకు పంపిస్తాను, అందాకా మామిడిపండు ముట్టను అని. మదనపల్లెలో ఉంటూ మామిడిపండు ముట్టకపోవడమంటే ఏమిటో మదనపల్లె వాళ్ళకే తెలియాలి. ఏటా వేసవిలో ఇంటినిండా ఆ వాసనే. ఆమె కోసి మొగుడికీ కూతురికీ పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కునేది.

తెల్లవారి బయల్దేరేటప్పుడు ఆమె ముందు తలుపు దగ్గరికి పోయింది. లక్ష్మీపతిగారి బండిలో ఆమె ఎక్కిందే ఒక్కసారి, కూతురి కాన్పు నాడు. అప్పుడు కూడా ముందు సీట్లో తలుపుకు ఒదిగి, సీటుకు తన చీర అంటుతుందేమో అన్నట్టు కూర్చుంది.

"ఆడ కాదు. యెనక కూర్సో. ఓనరమ్మవు" అన్నాడు కుప్పుస్వామి.

"ఊరుకో అయ్యా, ఎవురన్నా నవ్వుతారు."

"నవ్వనీ. నేను చూడాల" అని అద్దం సర్దుకున్నాడు. ఆమె వెనక సీటు మధ్యలో కూర్చుని, ఒళ్ళో నిమ్మకాయల సంచీ, టెంకాయలు పెట్టుకుంది. ప్లాస్టిక్ కవరు కరకరమంది. అద్దంలో ఆమె ముఖం చూసి కుప్పుస్వామి బండి కదిలించాడు.

పుంగనూరు రోడ్డుకు మళ్ళేచోట పెద్దాసుపత్రి గేటు. గేటు పక్కన టాక్సీ స్టాండు. ఆ పొద్దుటి పూట రెండు బండ్లున్నాయి, వాటి డ్రైవర్లు టీ కొట్టు లోపలికి ఒదిగి ఉన్నారు. రోడ్డు మీదికి వచ్చి ఒక మనిషి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి కనిపిస్తే బ్రేకు మీదికి పోవడం డ్రైవరు కాలికి అలవాటు. బండి ఆగాక గానీ ఆ మనిషి ఎవరో కుప్పుస్వామి చూడలేదు.

మునెప్ప. గంగవరం అవతల ఒక పల్లెలో కూలి చేసుకునేవాడు. కొన్నేళ్ళ కిందట ఇదే గేటు దగ్గర తల్లి శవంతో నిలబడి కుప్పుస్వామిని బతిమాలుకున్నాడు. పీనుగులను ఎక్కించవద్దని లక్ష్మీపతిగారి ఆర్డరు. శవం ఎక్కిన బండిని పెళ్ళివాళ్ళు పిలవరని ఆయన భయం. "బండి నాది కాదప్పా, నాదైతే ఈపాటికి నీ పల్లెలో ఉందుము" అన్నాడు కుప్పుస్వామి ఆనాడు. అది అబద్ధం కాదు. మునెప్పే అతన్ని ఓదార్చి, ఎద్దులబండి మాట్లాడుకుని పోయాడు. అప్పటినుంచి మదనపల్లెకు వచ్చినప్పుడల్లా స్టాండుకు వచ్చి, "నీ బండి ఇంగా రాలేదాప్పా?" అని అడిగిపోయేవాడు. కుప్పుస్వామి కారు గురించి అంత తీరిగ్గా కనుక్కునేవాడు ఆ ఊళ్ళో ఇంకొకడు లేడు.

"కుప్పుస్వామప్పా, దేవుడు మాదిరి వస్తివి" అని మునెప్ప కిటికీ మీద చెయ్యి వేశాడు. "మా ఇంటిది పోయిందప్పా. సుబ్బలచ్చుమమ్మ. తెల్లారేపాటికి ప్రాణం పోయింది. ఎత్తకపొమ్మంటాండారు. యాడ తీసకపోదును?"

గేటు పక్క గోడవారన చాప మీద ఆమె ఉంది. తల నుంచి కాళ్ళదాకా పాత చీర కప్పి ఉంది. పక్కన సత్తు గిన్నె, బట్టల మూట. మాట్లాడుతూ మాట్లాడుతూనే మునెప్ప వెనక్కి పోయి, తువ్వాలు విసిరి ఈగలు తోలి, మళ్ళీ వచ్చాడు.

"వీళ్ళందర్నీ అడిగినా. ఒగరూ ఒప్పుకోల్యా" అన్నాడు.

కుప్పుస్వామి ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. ఆలోచించి ఉంటే ఇంకేదన్నా చెప్పేవాడేమో. ఇన్నేళ్ళుగా ఆ గేటు దగ్గర ఎవరు చెయ్యి చాపినా వచ్చే మాట దానంతటదే వచ్చేసింది.

"బండి నాది కాదప్పా."

మునెప్ప బానెట్ మీది కుంకుమ చూశాడు. మల్లెల దండ చూశాడు. వెనక సీట్లో ఉన్న నాగరత్నమ్మను ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"అట్లనా. ఓనరు కొత్తది తీసినాడా. బాగుండాదప్పా" అన్నాడు. మళ్ళీ తనే, "నీదిగూడా వస్తాదిలే. నువ్వేం మనసులో పెట్టుకోవాకు" అన్నాడు. కిటికీ మీద తన చెయ్యి పడ్డచోట తువ్వాలుతో తుడిచి, వెనక్కి జరిగాడు.

కుప్పుస్వామి గేరు వేశాడు. ఊరు దాటారు. కొత్త ఇంజను చప్పుడు మెత్తగా, పొందిగ్గా ఉంది. ముందురోజునుంచీ ఆ చప్పుడు వింటూ ఎంత పొంగిపోయాడో, ఇప్పుడది చెవుల్లో అంత రోతగా ఉంది. చింతచెట్ల నీడలోకి వచ్చాక వెనకనుంచి నాగరత్నమ్మ గొంతు వినిపించింది.

"మరి ఎవురిదయ్యా ఇది?"

అతను అద్దంలోంచి చూపు తప్పించి రోడ్డు మీద పెట్టాడు.

"గంగమ్మకు పోతాండాము, ఈ పొద్దు కుదరదప్పా అంటే సరిపోయుండును. అది నిజమే గదా. ఎవురూ తప్పనరు. నాది కాదని యాల అంటివి?"

"నోరు జారింది రత్నా. అలవాటు."

"అలవాటా! ఇన్నేండ్లు మామిడిపండు ముట్టకుండా ఉంటినే, ఇది దేనికి? ఇంటినుంచి మైలు దూరం రాకముందే, బండిలోనే కూర్సోని, బండి నాది కాదంటివే. తథాస్తు దేవతలు తిరగతా ఉంటారంటారు. వాళ్ళు వినరా? గంగమ్మ వినదా?" ఆమె గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. "వాక్కు ఊరికే పోతాదా అయ్యా? నాది కాదంటే కాకుండానే పోతాది."

కుప్పుస్వామి బండిని పక్కకు తీసి ఆపాడు. అతను మునెప్ప ఓదార్పును తలుచుకుని కుమిలిపోతున్నాడు. ఆమె దేవతలను తలుచుకుని వణికిపోతోంది. ఎవరి బాధ వాళ్ళది గానీ, ఇద్దరిదీ ఒకే మాట మీద వచ్చి ఆగింది.

"అయితే ఇప్పుడేం జేయాల?"

"యెనక్కి పోయి నాదని చెప్పు. ఎవురితో కాదంటివో ఆయప్పతోనే చెప్పాల."

"చెప్తే ఎక్కించాల గదా."

నాగరత్నమ్మ ఒళ్ళో ఉన్న సంచీలోకి చూసుకుంది. ఏరి ఏరి తెచ్చిన నిమ్మకాయలు. సంచీ మూతి ముడి వేసింది.

"ఆ" అంది చివరికి. "ఎక్కించాల."

ఇరుకు రోడ్డు మీద ముందుకూ వెనక్కూ ఆడించి కుప్పుస్వామి బండి తిప్పాడు. కొత్త గేర్లు మొండికేశాయి.

మునెప్ప ఉన్నచోటే ఉన్నాడు. గోడకు ఆనుకుని, తువ్వాలు విసురుతూ. కుప్పుస్వామి దిగి అతని ముందుకు పోయి నిలబడ్డాడు. దారిలో చాలా మాటలు కూడగట్టుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు.

"బండి నాదేప్పా" అన్నాడు.

మునెప్ప లేచాడు. ఏమీ అడగలేదు. చాప చుట్టూ ఒకసారి తిరిగి, "కాళ్ళపక్క బరువు తక్కువుంటాది, అయినా నువ్వు పట్టుకోవద్దులేప్పా, నేనే భుజాన..." అంటూ ఉంటే కుప్పుస్వామి వంగి తలవైపు చాప పట్టుకున్నాడు. సుబ్బలక్ష్మమ్మ ఎక్కువ బరువు లేదు. అంత తేలికైన మనిషిని అతను పెళ్ళిళ్ళకు గానీ తిరునాళ్ళకు గానీ తీసుకుపోయి ఎరగడు.

సీటు మీద పడుకోబెడితే ప్లాస్టిక్ కవరు మీద ఆమె నిలవలేదు. చీర జారి, తల తలుపు వైపుకు పోతోంది. రెండుసార్లు సర్దారు, రెండుసార్లూ జారింది. కుప్పుస్వామి నాగరత్నమ్మ వైపు చూశాడు. ఒక్క సీటుకైనా ప్లాస్టిక్ ఏడాదిపాటు తీయగూడదని నిన్న రాత్రే ఆమె చెప్పి ఉంది. నాగరత్నమ్మ టెంకాయలు ముందు సీట్లో పెట్టి వచ్చింది. ఎడమచేత్తో సీటు అంచు పట్టుకుని, కుడిచేత్తో కవరును ఒక్క లాగు లాగి చించింది. కింద కొత్త రెగ్జిను మెరిసింది.

"ఇంగ పడుకోబెట్టండి" అంది.

మునెప్ప వెనక కూర్చుని భార్య తలను తొడ మీద పెట్టుకున్నాడు. నాగరత్నమ్మ ముందుకొచ్చి కూర్చుంది. టీ కొట్టులోంచి డ్రైవరు గంగాధరం బయటికి వచ్చి, నోట్లో బీడీ తీయడం మరిచి చూస్తున్నాడు. కుప్పుస్వామి అద్దాన్ని పైకి తిప్పేశాడు. వెనకవాళ్ళను చూసుకునే అద్దంలో ఇప్పుడు కారు పైకప్పు తప్ప ఏమీ కనిపించడం లేదు.

కొత్త బండి కాబట్టి మెల్లగా పోవాలి. దుఃఖంలో ఉన్నవాడిని ఎక్కించుకుని వేగంగా పోయినా బాగుండదు. ఎలా చూసినా మెల్లగానే పోయారు. ఎండ ఎక్కింది. అప్పుడప్పుడూ వెనకనుంచి మునెప్ప గొంతు సన్నగా వినిపించేది.

"పుంగనూరు వచ్చినామే" అన్నాడొకసారి. మరికాసేపటికి, "కారులో పోతాండావే. కుప్పుస్వామప్ప బండిలో. ఎప్పుడొస్తాదని అడగతా ఉంటి గదా, అదే" అన్నాడు.

నాగరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

గంగవరం దాటగానే తారురోడ్డు వదిలి మట్టిదారి పట్టారు. పల్లె మొగదలలో పెద్ద పెంకుటిల్లు, అరుగు మీద వెంకటరమణప్ప. ఆ ఊరి పొలాల్లో సగం ఆయనవే. మునెప్ప కూలి పోయేది కూడా ఎక్కువగా ఆయనకే. కారు వస్తుంటే ఆయన ఎవరో చుట్టాలనుకుని లేచి ఎదురొచ్చాడు. లోపలికి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"పీనుగునా! ఒరేయ్ మునెప్పా, తెలిసినోడివేనా నువ్వు? ఊరి నడిమధ్యలో తేవచ్చునా? వంక పక్క చుట్టుదారి లేదా?" అని డ్రైవరు వైపు తిరిగాడు. "ఎవురిదిరా ఈ బండి? ఓనరెవురు? ఆయనతో మాట్లాడతా నేను."

"మాట్లాడు సామీ. నేనే" అన్నాడు కుప్పుస్వామి.

వెంకటరమణప్ప అతన్ని పైనుంచి కిందికి చూశాడు. కుప్పుస్వామికి ఒళ్ళంతా వేడెక్కింది. తనదని చెప్పుకోవడం ఇంత సులువా అనిపించింది. ఎదురుగా వీధి ఉంది. చివరన మునెప్పవాళ్ళ గుడిసెలు కనిపిస్తూనే ఉన్నాయి. క్లచ్చి మీద కాలు వేశాడు.

"ఈ వీధిలోనే పోతా సామీ. కొత్త బండి. ఆ చుట్టుదారిలో రాళ్ళుండాయి."

"కుప్పుస్వామప్పా" వెనకనుంచి మునెప్ప పిలిచాడు. "వద్దు. చుట్టే పోదాం."

"రోడ్డు ఎవురిదప్పా? నేను పోతా, నువ్వూరుకో."

"నువ్వు పోతావప్పా. పోయి నీ దారిన వెళ్ళిపోతావు. రేపు పొద్దున నేనీడ బతకాల గదా" అన్నాడు మునెప్ప. గొంతులో వేడుకోలు లేదు, కోపం లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే.

 కుప్పుస్వామికి ఆ వేడంతా దిగిపోయింది. బండి తనదైంది గానీ దారి తనది కాలేదు. రివర్సు గేరు వేసి, చుట్టుదారికి తిప్పాడు.

అది దారి కాదు, వంకలో నీళ్ళు పోయినచోటు. గుండ్లు, గుంటలు. కుప్పుస్వామి తల బయటపెట్టి చక్రాన్ని చూసుకుంటూ, అంగుళం అంగుళం తోలాడు. నాగరత్నమ్మ దిగి ముందు నడుస్తూ, చిన్న రాళ్ళను కాలితో పక్కకు తోసింది. ఒకచోట ఎంత తప్పించినా తప్పలేదు. కింద గర్రుమని రాయి ఒరుసుకుంది. కుప్పుస్వామి పళ్ళు బిగపట్టాడు.

"అయ్యో" అన్నాడు వెనక మునెప్ప. పొద్దుటినుంచి అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

గుడిసెల దగ్గర జనం పోగయ్యారు. ఏడుపులు లేచాయి. శవాన్ని దించుకుని లోపలికి తీసుకుపోయాక కారును పట్టించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. చావింటి నుంచి పోయొస్తామని చెప్పకూడదు. మొగుడూ పెళ్ళాలు ఎవరికీ చెప్పకుండా, తలుపు కూడా మెల్లగా వేసుకుని, వచ్చినదారినే బయటపడ్డారు.

పలమనేరు దాటాక రోడ్డు పక్కన ఒక తోటలో మోటారు ఆడుతోంది. రైతును అడిగి, ఆ నీళ్ళకింద కట్టుబట్టలతోనే ఇద్దరూ తలకు పోసుకున్నారు. కుప్పుస్వామి బకెట్టుతో నీళ్ళు తెచ్చి వెనక సీటు కడిగాడు. వంగి కింద చూశాడు. సైలెన్సరు వంగలేదు గానీ, పక్కన రేకు మీద జానెడు గీత పడింది. రంగు లేచిపోయి ఇనుము బయటపడింది. వేలితో దాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిమాడు. కొత్త బండికి గీత పడితే డ్రైవర్లు పడే బాధ అతనికి తెలుసు. ఇప్పుడా బాధ రాలేదు. ఒళ్ళు అలిసిపోయి ఉంది, అంతే.

"ఈ వొంటితో గుళ్ళోకి పోవచ్చునా రత్నా?" అని అడిగాడు.

"తలకు పోసుకున్న్యాము గదా. ఊర్లో ఎవురో సచ్చినారని గంగమ్మ తలుపేసుకుని కూర్సుంటాదా?" అంది జుట్టు పిండుకుంటూ. "ఆమెకూ సెప్తా నేను. దాచిపెట్టేదేముండాది?"

కుప్పం చేరేసరికి పొద్దు వాలింది. గుడి ముందు నాగరత్నమ్మ చక్రాలకింద నిమ్మకాయలు పెట్టింది. కుప్పుస్వామి బండి ముందుకు పోనిచ్చాడు. నాలుగూ ఒకేసారి చిట్లాయి. పూజారి హారతిపళ్ళెంలోంచి కుంకుమ తీసి బానెట్ మీద పెడుతూ, "బండి ఎవురి పేరు మీద?" అన్నాడు.

నాగరత్నమ్మ మొగుడి ముఖంలోకి చూసింది.

"నాదేసామీ. కుప్పుస్వామి" అన్నాడు.

బయటికొచ్చాక బజారులో ఆమె ఒక మామిడిపండు కొనుక్కుంది. కారు పక్కన నిలబడి తొక్క తీయకుండానే కొరికింది. ఇన్నేళ్ళ తర్వాత తింటున్నా ముఖంలో ఏమీ కనిపించలేదు. సగం తిని, మిగతాది అతనికిచ్చింది.

"పుల్లంగా ఉండాదా?" అన్నాడు.

"లేదు. బాగనే ఉండాది" అంది. "నేనే అలిసిపోయినట్టుండా."

కర్మాంతరం అయిన కొన్నాళ్ళకు మునెప్ప మదనపల్లె వచ్చాడు. గుండు మీద అప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. కుప్పుస్వామి బండి ఇప్పుడు ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటోంది. పెళ్ళి బాడుగలు అనుకున్నన్ని రావడం లేదు. ఆనాటి సంగతి స్టాండులో అందరికీ తెలిసిపోయింది. మునెప్ప వచ్చీరాగానే పలకరించకుండా కారు పక్కన కూలబడి, తల నేలకు ఆనించి కింద చూశాడు.

"ఈడేనా తగిలింది? పెద్దదే పడిందే గీత" అన్నాడు.

"పోనీలేప్పా. రంగేస్తే పోతాది."

"వేయించినావా?"

"ఇంగా లేదు."

మునెప్ప లేచి, తువ్వాలుతో దుమ్ము దులుపుకుని అతని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ బీడీలు ముట్టించుకున్నారు. ఆ పొద్దు చెప్పలేకపోయిన మాట కుప్పుస్వామిని ఇన్నాళ్ళూ తింటూనే ఉంది.

"ఆ పొద్దు నీతో అబద్ధమాడితినప్పా. బండి నాదే. ముందురోజే తెచ్చుకుంటి."

"నువ్వు తిరిగొచ్చి చెప్పకముందే తెలుసు" అన్నాడు మునెప్ప.

"యెట్ల?"

"ఓనరు బండైతే నీ పెండ్లాం యెనక సీట్లో నడిమధ్యన కూర్సుంటాదాప్పా?" అని మునెప్ప పొగ వదిలాడు. "చూడంగానే తెలిసిపోయ."

 కుప్పుస్వామికి కిటికీ తుడిచిన తువ్వాలు గుర్తొచ్చింది. నీదిగూడా వస్తాదిలే అన్న మాట గుర్తొచ్చింది. అన్నీ తెలిసే అన్నాడు. తెలిసే ఓదార్చాడు. చెంప మీద కొట్టి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేది.

"తెలిసి యాల అట్ల అంటివి నాతో? తిట్టుండొచ్చు గదా."

"నిన్నా?" మునెప్ప ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వు అబద్ధమన్నా ఆడితివి. మిగతావోళ్ళు అది గూడా ఆడల్యాప్పా. ఊరకుక్కను తోలినట్ల చెయ్యి విసిరి పొమ్మన్న్యారు. నువ్వొక్కడివే సిగ్గుపడి, ఏదో ఒగటి చెప్పాల అనుకుంటివి."

అంతలో గేటులోంచి ఒక ముసలామె వచ్చింది. చెప్పులు లేవు, కొంగు భుజం మీదినుంచి జారిపోయి ఉంది. ముందు గంగాధరం బండి దగ్గరికి పోయింది. అతను చెప్పేది వినిపించలేదు గానీ, తల అడ్డంగా ఆడించడం కనిపించింది. ఆమె కళ్ళు తుడుచుకుని, ఇటు చూసి, ఇటువైపు నడవసాగింది.

కుప్పుస్వామి కదలకుండా కూర్చున్నాడు. మళ్ళీ సీటు కడగాలి. మళ్ళీ ఏదో పల్లె మొగదలలో ఎవడో ఒకడు అడ్డం నిలబడతాడు. మరో పెళ్ళి బాడుగ పోతుంది. ఇన్నేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి తెచ్చుకున్న సొంత బండి పక్కన కూర్చుని, తనకూ ఒక ఓనరుంటే ఎంత బాగుండును అనుకున్నాడు.

"నాయనా, మావోడు పోయినాడు. ములకలచెరువు పక్కన మా ఊరు" అంది ఆమె దగ్గరికొచ్చి. కారును చూసి జంకింది. "కొత్తది మాదిరి ఉండాదే. మీ ఓనరు ఏమన్నా అంటాడేమో..."

 మునెప్ప బీడీ నేలకు రుద్ది, లేచి నిలబడి, తువ్వాలు నడుముకు బిగించుకున్నాడు.

కుప్పుస్వామి కూడా మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు.

"నాదేలేమ్మా" అన్నాడు. "యాడుండాడు బిడ్డ? పా, మేము పట్టుకుంటాము."